పొద్దుటి షుగర్ హర్రాజు

గత వేసవిలో మా మరిదిగారి అమ్మాయి పెళ్ళికి మామిడిపళ్ళు కావలసి వచ్చి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వెళ్ళాం. షెడ్డులో ఒక యువకుడు ట్రేల వరస మీద నిలబడి హర్రాజు పాడుతున్నాడు. వేలంపాటను ఇక్కడి మార్కెట్లలో హర్రాజనే అంటారు. అతని గొంతు బాగుంది, వేగం ఇంకా బాగుంది. అయినా నా కళ్ళు అతని మీద నిలవలేదు. లారీల నీడలో, టీ బండి దగ్గర, కాటాల పక్కన ఒక పెద్దాయన కోసం వెతుకుతున్నాయి. చివరికి ఉండబట్టలేక ఒక కమిషన్ ఏజెంటును అడిగాను.

"గడ్డిఅన్నారంలో మార్కెట్ ఉన్నప్పుడు హర్రాజు పాడే పెద్దాయన ఒకరు ఉండేవారండీ. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవారు..."

"ఆ పెద్దమనిషా! ఎందుకు తెల్వదమ్మా. పెద్ద అంబర్‌పేట్‌ల బిడ్డ దగ్గర ఉంటడు. బుద్ధి పుట్టినప్పుడు ఒస్తడు. ఒచ్చి మా పిలగాండ్ల పాటకు తప్పులు వట్టి పోతడు."

"ఆరోగ్యం బాగుందాండీ?"

"తప్పులు వడ్తుండంటే మంచిగున్నట్టే గదమ్మా!"

ఆ మాట విన్నాకే నాకు పళ్ళు కంటికి ఆనాయి. 

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు కోపం రాదు గానీ, తప్పులు పట్టడానికి ఒక రోజు మా ఇంటిదాకా వస్తారు. నేను ఆయన్ని బాబాయిగారు అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవారు. వెక్కిరించాలనిపించినప్పుడు లైబ్రరమ్మా అనేవారు.

మేము కృష్ణా జిల్లా వాళ్ళం. మావారు ఎల్బీనగర్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పనిచేస్తారు. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో, ఒక మేడ మీద వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. కింది వాటాలో ఆయనా, ఆయన భార్యా. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ తరువాతి చదువంతా శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్క బెంచీ మీద జరిగింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వెళ్ళి, చరిత్ర బీరువా అయ్యాక సైన్సు బీరువా, అదయ్యాక వైద్యం బీరువా, అలా వరసగా చదువుకుంటూ పోయాను. గొప్ప కోసం చెప్పడం లేదంటే అబద్ధమవుతుంది. కొంత గొప్పే.

నేను పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కబోతుంటే బాబాయిగారు చెయ్యి చాచేవారు. పుస్తకం తీసుకుని బొటనవేలితో అట్ట మీద రెండుసార్లు కొట్టి, అంచు వాసన చూసి, తిరిగి ఇచ్చేవారు.

"పైవరస మంచిగనే పేర్చిండ్రు. కింద వరస ఎట్లుంది బిడ్డా?"

రైతులు ట్రేలో మంచి పండ్లు పైన పేర్చి, మెత్తబడ్డవి కింద దాస్తారట. ఆ పై వరసను చూసి కింది వరస సంగతి చెప్పడమే తన పని అని ఆయన నమ్మకం. మనుషులను కూడా అలాగే చూసేవారు. టీవీలో ఎవరో నాయకుడు చేతులు ఊపుతూ మాట్లాడుతుంటే, "పైవరస," అనేవారు. కొత్తగా వచ్చిన ఇంటి యజమాని అల్లుణ్ణి చూసి, "పైవరస గూడ లేదు," అనేశారు, అతని ముందే. అది ఆయన మెల్లగా అన్నాననుకున్న మాట. నిజానికి ఆయన రహస్యం చెబితే సందు చివర ఇస్త్రీ బండి వరకూ వినబడేది. జీవితమంతా లారీల హారన్ల మీదుగా మాట్లాడిన గొంతు మరి.

ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. గుమ్మం ముందు పండ్ల ట్రే ఒకటి బోర్లించుకుని దాని మీదే కూర్చునేవారు. కుర్చీ వచ్చినవాళ్ళకు. మామిడిపండు దగ్గర మా ఇద్దరికీ ఏటేటా ఒక తగాదా జరిగేది. నేను బంగినపల్లి అంటాను, ఆయన బేనిషాన్ అంటారు. "మీ దిక్కు పేరు మీ దిక్కే ఉంచుకో. హైదరాబాద్‌ల దిగినంక అది బేనిషాన్," అనేవారు. అలా అని ఆ పండును ఆయన తినేవారు కాదు, తినకూడదు. ఆయనకు చాలా ఏళ్ళుగా షుగర్. ఆ మాట కూడా ఆయన అనరు. "నాకు జర తీపెక్కువైంది," అంటారు.

ఎల్బీనగర్ డాక్టరు మాత్రలు చాలవని ఇన్సులిన్ మొదలుపెట్టాక, కూతురు ఇంట్లోనే చూసుకునే షుగర్ మిషను కొనిపెట్టింది. ఆ మిషను వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో అలారం అవసరం లేకపోయింది. పొద్దున్నే కింద ట్రే మీద కూర్చుని, వేలి చుక్క తీసి, అంకె కనబడగానే ఆయన హర్రాజు మొదలుపెట్టేవారు.

"నూట డెబ్బై! ఏ వన్ మాల్! నూట డెబ్బైకి అడిగేటోళ్ళు ఎవరున్నరు?"

ఈ హర్రాజులో పాట పైకి పోదు, కిందికి వస్తుంది. నేను మేడ మీది పిట్టగోడ దగ్గర నుంచి అందుకునేదాన్ని.

"నూట ఇరవైకి ఇస్తారా బాబాయిగారూ?"

"గా ధరకు గిట్టదు బిడ్డా! జర పైకి రా!"

"నూట ముప్పై!"

"రేపు జూద్దాం బిడ్డా. ఇయాల్టికి నూట డెబ్బై, ఒకటోసారి, రెండోసారి... ఏమే, కొంటవా?"

ఆఖరి మాట లోపలున్న భార్యకు. పిన్నిగారు వంటింట్లోంచే, "నాకొద్దు నీ ముదనష్టపు మాల్," అనేది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసేవాళ్ళు నవ్వేవాళ్ళు. అలా సందు మొత్తానికి ఆయన షుగరెంతో తెలిసేది. డాక్టరు దగ్గరికి వెళితే చెప్పడానికి ఆయనకు గుర్తులేకపోయినా, పాలవాడికి గుర్తుండేది.

కరోనా వచ్చి అన్నీ మూసేసిన ఏడాది మాట ఇది. మామిడి అప్పుడప్పుడే దిగుతోంది. వయసు మళ్ళినవాళ్ళు మార్కెట్‌కు రావద్దన్నారు. ఆయన డాక్టరు క్లినిక్ మూసి ఫోనులోనే మాట్లాడుతున్నాడు. గ్రంథాలయానికీ తాళం పడింది. కిందా పైనా, మా నాలుగు గోడల మధ్య మేమున్నాం. మొదటి వారం ఆయన హుషారుగానే ఉన్నారు.

"బంద్ అంటరని నాకు ముందే వాసనొచ్చింది బిడ్డా. సూది మందంత ముందే దింపిన. రెండు నెలలకు ఢోకా లేదు," అన్నారు మెట్ల దగ్గర నిలబడి. మార్కెట్ మూతపడేలోపు సరుకు దించుకున్నవాడి సంతోషం ఆ ముఖంలో ఉంది.

ఆ మొదటి వారం తరువాత హర్రాజు ధర పెరగడం మొదలైంది. రెండొందలు. రెండొందల నలభై. నేను నూట ఇరవై అని పాడితే ఆయన నవ్వలేదు. "గట్ల అడగకు బిడ్డా, మనసు కష్టమైతది," అన్నారు. డాక్టరు ఫోనులో సూది మోతాదు పెంచాడు. అయినా అంకె దిగలేదు. మళ్ళీ పెంచాడు. ఒక పొద్దున మిషను చప్పుడు వినబడింది, హర్రాజు వినబడలేదు. నేను పిట్టగోడ మీంచి వంగి చూశాను. ఆయన ట్రే మీద కూర్చుని ఆ మిషను వంక చూస్తున్నారు.

"ఎంతండీ?" అన్నాను.

"మాల్ మంచిగలేదు," అన్నారు. 

మూడొందల యాభై దాటిందని తరువాత పిన్నిగారు చెప్పింది. రాత్రంతా దాహం, రాత్రంతా లేవడం. ఆయన లేచిన ప్రతిసారీ బాత్‌రూమ్ రేకు తలుపు కిర్రుమనేది. పిన్నిగారికి కంటి మీద కునుకు ఉండేది కాదు. ఆయన ఈడ్చే కాలు మంటలెత్తుతోందన్నారు. లుంగీ నడుం దగ్గర వదులైంది. డాక్టరు చివరికి ఒక మాట అన్నాడు. ఇంకో రెండు మూడు రోజుల్లో దిగకపోతే దవాఖానలో చేర్చక తప్పదని.

ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో ఇప్పుడు చెబితే పెద్దగా అనిపించకపోవచ్చు. మా సందులో ఒకాయన దగ్గుతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్ళకు ముఖం కూడా చూపలేదు. షుగర్ ఉన్నవాళ్ళకు ఆ జబ్బు తగిలితే ఎలా ఉంటుందో టీవీ గంటగంటకూ చెబుతోంది. పిన్నిగారు మెట్ల మొదట్లో కూర్చుని కొంగు ముఖానికి చుట్టుకుని నాతో అంది.

"లోపలికి పోతే బైటికి ఒస్తడా బిడ్డా? గదొక్కటి చెప్పు. నీ పుస్తకాలల్ల ఏమన్న ఉన్నదా?"

 నేనేదో అనేలోపే కారణం కూడా ఆమే చెప్పింది.

"తింటుండు. దొంగతనంగ తింటుండు. నాకెర్కే. నాలుక ఆగదు ఆయనది."

ఆమె అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. పండు నాలుక మీద పెట్టుకుని, రసం చూసి, ఉమ్మేసి ధర చెప్పే పనిలో ఆయన జీవితం గడిచింది. ఒకటి రెండుసార్లు ఉమ్మేయడం మరిచిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఒకప్పుడు బట్టలు ఉతుకుతుంటే ఆయన లాల్చీ జేబులో ఆమెకు మామిడి టెంక దొరికింది. దాన్ని ఆమె కడిగి, ఎండబెట్టి, గూట్లో దేవుడి పటం పక్కన పెట్టింది, ఆయన కళ్ళ ముందు ఉండాలని. ఇప్పుడు ఈ మామిడి కాలంలో, తెలిసినవాళ్ళెవరో ఒక పెట్టె పంపితే, ఆమె దాన్ని నేరుగా మా ఇంటికి పంపించేసింది. అయినా అంకె దిగలేదు.

బాబాయిగారు ఒట్టు పెట్టారు. కూతురి మీద పెట్టారు. "నా నోటి మాట మీద లారీలకు లారీలు అమ్ముడువోయినయి. కాయితం లేదు, సంతకం లేదు. గీ ఇంట్ల మాత్రం నా మాటకు విలువ లేదు," అన్నారు నాతో. గొంతు అంత తగ్గించి ఆయన మాట్లాడగలరని నేను అనుకోలేదు. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. తినకుండా సూది వేసుకోకూడదని బతిమాలి, నేనే జొన్నరొట్టె పంపించాను. నిజం చెప్పాలంటే నాకూ ఆయన మాట మీద పూర్తి నమ్మకం లేదు. అంకె అబద్ధం చెప్పదు కదా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కింద నుంచి పిన్నిగారి కేక.

"బిడ్డా! జర కిందికి రా! నాకు సాక్షి గావాలె!"

మూతికి గుడ్డ కట్టుకుని దిగాను. వంటింట్లో ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది. ఒంటి తలుపు పాత ఫ్రిజ్. పైన మంచు పేరుకునే చిన్న ఫ్రీజర్ అర. పిన్నిగారు అందులోంచి ఐస్ ట్రేలు తీసి నేల మీద పెట్టింది. బాబాయిగారు గుమ్మంలో నిలబడి, "ముట్టకే! చెప్తున్న, ముట్టకు!" అంటున్నారు.

"ఇన్నొద్దులు ముట్టలే. ఇయాల ముడ్త. చూడు బిడ్డా, మంచుగడ్డల వెనక మూట. నన్ను ముట్టొద్దన్నడు. నా సామాన్లన్నడు. ఏం సామాన్లయ్యా గవి?"

"మందే అది!"

"మందా? మందుకు గడ్డి చుడ్తరా ఎవరన్న?"

ఆమె మూటను బయటికి లాగింది. నిజంగానే పైన గోనెగుడ్డ, దాని కింద పాత పేపరు, దాని లోపల ఎండుగడ్డి. దూరానికి పోయే హిమాయత్ మామిడిపళ్ళను ఎలా కడతారో అలా కట్టి ఉంది. పిన్నిగారు విజయం సాధించినట్టు నా వంక చూసి గడ్డి పక్కకు తీసింది. లోపల పండు లేదు. వరసగా పేర్చిన ఇన్సులిన్ సీసాలున్నాయి. ఒక్కొక్కటీ తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఏంది గిది?" అంది ఆమె.

"స్టాకు," అన్నారు బాబాయిగారు. కోపంలో కూడా కొంచెం గర్వం ఉంది ఆ మాటలో. "కరెంటు పోతుంటది, ఎండలు మండుతున్నయి. కింద అరల పెరుగే పులుస్తున్నది, మందు ఆగుతదా? చల్లగ పెట్టుమన్నరు గద అని కోల్డ్ స్టోరేజ్ చేసిన. ఒక్కో సీసా బైటికి తీస్తున్న, చేతుల పట్టుకుని కరగవెడ్తున్న, వాడుతున్న. మాల్‌ను ఎట్ల దాచాలెనో నాకు చెప్తవా?"

నేను గూట్లో ఉన్న సీసా అడిగాను, ఆయన ఇప్పుడు వాడుతున్నది. వెలుతురుకు పెట్టి మెల్లగా దొర్లించాను. మామూలుగా పాలలా కలిసిపోవలసిన మందు, సీసా గోడకు రవ్వరవ్వగా అంటుకుని ఉంది. వైద్యం బీరువాలో చదివిన పేజీ ఒకటి నా కళ్ళ ముందుకు వచ్చింది. ఆ మాట సీసా పెట్టె మీద కూడా చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో అచ్చయి ఉంది. మా ముగ్గురిలో ఎవరూ ఆ వేపు తిప్పి చూడలేదు.

"బాబాయిగారూ, ఇన్సులిన్‌ను చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టనివ్వకూడదండీ. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగాక కూడా పనిచెయ్యదు. మీరు ఇన్నాళ్ళూ వేసుకున్నది మందు కాదు, వట్టి నీళ్ళ లాంటిది."

ఆయన నా చేతిలోంచి సీసా తీసుకున్నారు. బొటనవేలితో దాని మీద కొట్టబోయి ఆగిపోయారు.

"గడ్డకట్టిన ఆపిల్ లెక్క," అన్నారు. "కశ్మీర్ బండి ఒకసారి మంచుల ఇరుక్కుంది. పెట్టె తీస్తే పైకి నిగనిగ. కోస్తే లోపల బురద. ఆ లోడ్ నేనే వాపస్ పంపిన." ఫ్రిజ్ వంక చూశారు. "పండుకైతే తెలిసింది. గీ సీసకు తెల్వలే."

పిన్నిగారు నేల మీద కూర్చుండిపోయింది. చుట్టూ ఐస్ ట్రేలు కరుగుతున్నాయి.

"అయితే తిన్లేదా నువ్వు?"

"తిన్లే."

"ఒక్క ముక్క గూడ?"

"తిన్లేదంటున్న గదనే."

"నాకను గూడ నాకలే?"

 "పెట్టె పైకి పోతుంటే వాసన జూసిన. వాసన్ల షుగర్ ఉంటదా, లైబ్రరమ్మా?"

"లేదండీ," అన్నాను.

"ఇగ విన్నవా!" అన్నారు భార్యతో, అదేదో కోర్టు తీర్పు అయినట్టు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆ గుడ్డ వెనక కనబడలేదు. కొంతసేపటికి లేచి గూట్లో ఉన్న టెంకను తీసి చెత్తబుట్టలో పారేసింది.

వెంటనే డాక్టరుకు ఫోను చేశాం. బాబాయిగారు ఫోను నోటి దగ్గర పెట్టుకుని జరిగింది చెబుతుంటే అవతలి నుంచి, "పెద్దాయనా, ఫోను జర దూరం పెట్టి మాట్లాడు, నా చెవి పోతుంది," అని వినబడింది. అంతా విన్నాక డాక్టరు పెద్ద ఊపిరి వదిలాడు. ఆ సీసాలన్నీ పక్కన పడేయమన్నాడు. కొత్తవి తెప్పించి, ఫ్రిజ్ కింది అరలో, తలుపు వేపు పెట్టమన్నాడు. ఒక సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. పెంచిన మోతాదు వద్దు, మొదట్లో వేసుకునే పాత మోతాదే వేసుకోవాలి. చచ్చిన మందుకు పెంచిన లెక్క, బతికిన మందుకు వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగించమన్నాడు.

"ఇన్నేండ్లు ఆయనకు అందకుండ చక్కెర డబ్బా దాసిన. ఇప్పుడేమో తలాపున పెట్టుకోవాల్నంట," అంది పిన్నిగారు.

మా సందు మందుల షాపులో ఆ రకం అయిపోయింది. ఎల్బీనగర్‌లో ఉందని ఫోనులో తేలింది. మావారు చీటీ, ఖాళీ సీసా, ఒక స్టీలు ఫ్లాస్కు పట్టుకుని స్కూటరు మీద బయలుదేరారు. వచ్చేటప్పుడు చౌరస్తాలో పోలీసాయన ఆపి ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాడట. లోపల చల్లటి నీళ్ళలో, ప్లాస్టిక్ సంచిలో తేలుతున్న సీసాలు. "మా అమ్మ గూడ గివే వాడ్తది. పో సార్, ఎండల నిలవడకు," అని పంపేశాడట. ఆ మాట చెబుతూ మావారు ఫ్లాస్కును నా చేతికి కాకుండా నేరుగా బాబాయిగారి చేతికి ఇచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు.

మొదటి రోజు అంకె కొంచెం దిగింది. తరువాత ఇంకొంచెం. మిషను చప్పుడు వినబడగానే నేను పిట్టగోడ దగ్గరకు పరుగెత్తేదాన్ని. ఆయన చేత్తో కిందికి కిందికి అని సైగ చేసేవారు గానీ హర్రాజు పాడలేదు. "మాల్ నిలకడ మీదికి రానీ," అన్నారు. దవాఖాన మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. కానీ పిన్నిగారికి ఇంకా నమ్మకం కుదరలేదు. చక్కెర డబ్బా పక్కన పెట్టుకుని, ఆయన నుదురు తడిమి చెమట ఉందేమో చూస్తూ కూర్చునేది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు దిగాయి.

ఒక పొద్దున, వెలుతురు బాగా వచ్చాక, మా తలుపు మీద దబదబ బాదుడు. తీస్తే పిన్నిగారు. మూతికి గుడ్డ లేదు, జుట్టు ముడి లేదు.

"లేస్తలేడు బిడ్డా. రాత్రి ఒక్కపారి గూడ లేవలే. తలుపు చప్పుడు కాలే. నేను గూడ కూసున్నకాడనే ఒరిగిన. ఇప్పుడు జూస్తే కదుల్తలేడు!"

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. నోరు కొంచెం తెరిచి ఉంది. పిన్నిగారు గ్లాసులో గుప్పెడు చక్కెర పోసి నీళ్ళు కలిపి ఆయన నోట్లో పోయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని చదివాను. ఆమె నా చేతిని విదిలించుకోవాలని చూస్తోంది. నేను వదలడం లేదు. గ్లాసులోని నీళ్ళు సగం ఆయన ఛాతీ మీద ఒలికాయి.

ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఏందే? పొద్దుగాల్నే షర్బతా?"

 ఆయన రెండో కన్ను కూడా తెరిచి, మా ఇద్దరినీ, గ్లాసునూ, తడిసిన బనియన్‌నూ చూసుకున్నారు.

"ఏంది గీ గుంపు? దూరం దూరం నిలబడాలె అని టీవీల చెప్తలేరా?"

"రాత్రి లేవలేదేందయ్యా నువ్వు!" అని అరిచింది పిన్నిగారు.

"నిద్రవట్టింది, లేవలే. దానికి గూడ లొల్లేనా?"

నేను మిషను అందించాను. ఆయన దుప్పటి అంచుకు వేలు తుడుచుకుని చుక్క తీశారు.  నూట పద్దెనిమిది. నా నూట ఇరవై కన్నా తక్కువ. ఆయన ఆ మిషనును భార్య వేపు తిప్పి చూపించారు. ఆమె దాన్ని చూసింది, ఆయన ముఖం చూసింది, మిగిలిన చక్కెర నీళ్ళు తనే గటగటా తాగేసింది. తరువాత మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కూర్చున్నది అలాగే పక్కకు వాలిపోయింది. మేము భయపడేలోపే గురక మొదలైంది.

ఆయన మెల్లగా లేచి, కాలు ఆమెకు తగలకుండా దాటి, తన దిండు ఆమె తల కింద పెట్టారు. వంటింటి కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే వెళ్ళి బిగించారు. నేను పైకి వెళ్ళబోతుంటే మెట్ల మీద గట్టిగా నడవవద్దని చేత్తో చూపించారు.

నేను పిట్టగోడ దగ్గరికి చేరేసరికి, సందు మొదట్లోంచి కూరగాయల ఆటో వస్తోంది. దాని మైకులో టమాటా, బెండకాయ, సొరకాయ అని రికార్డు చేసిన గొంతు మోగిపోతోంది. బాబాయిగారు తడి బనియన్‌తోనే గేటు తీసుకుని, కాలు ఈడ్చుకుంటూ, రెండు చేతులూ ఊపుతూ దానికి ఎదురు వెళ్ళారు. ఆటోవాడు మైకు కట్టేసి, ఏమైందన్నట్టు తల ఊపాడు. ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నారు. వెనక్కి తిరిగి తన ఇంటి వేపు చూపించి, చెంప కింద చెయ్యి పెట్టి నిద్రపోతోందని సైగ చేశారు. తరువాత ఒక సొరకాయ ఎత్తి పట్టుకుని, వేళ్ళతో ధర అడిగారు. ఆటోవాడు వేళ్ళతోనే చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపి ఒక వేలు మడిచారు. వాడు నవ్వుతూ సరేనన్నాడు. ఆటో ఇంజను ఆపేసి, ఇద్దరూ కలిసి చెరో పక్కా పట్టుకుని, ఆ బండిని మా ఇల్లు దాటేదాకా చప్పుడు లేకుండా తోసుకుపోయారు.